ఇంటి డబ్బు, వ్యాపారం డబ్బు ఎలా విడదీస్తున్నారు? కలిసి వ్యాపారం చేసే దంపతులు చెప్పండి

నేనూ మా ఆయనా కలిసి 4 ఏళ్లుగా చిన్న ప్రింటింగ్ వ్యాపారం నడుపుతున్నాం. డిజైన్లు, కస్టమర్లతో మాటలు ఆయనవి. బిల్లులు, వసూళ్లు, లెక్కలు నావి. పనికి కొదవ లేదు, గొడవంతా డబ్బు దగ్గరే.

అన్నిటికీ ఒకటే బ్యాంకు ఖాతా. షాపు అద్దె, కాగితం కొనుగోలు, బాబు ఫీజు అన్నీ అందులోంచే. మొన్న రాత్రి పడుకోబోతూ ఫోన్లో బ్యాలెన్స్ చూస్తే, మర్నాడు కాగితం వాళ్లకు ఇవ్వాల్సిన దాంట్లో సగం కూడా లేదు. ఆయన ఆ రోజే కొత్త మెషీన్‌కి అడ్వాన్స్ కట్టేశారట. ‘చెబితే వద్దంటావని చెప్పలేదు’ అన్నారు. నిజమే, వద్దనేదాన్నే. కానీ అది భార్యగా కాదు, లెక్కలు చూసే మనిషిగా. ఈ తేడా ఆయనకి ఎలా చెప్పాలో తెలియడం లేదు.

ఖాతాలు వేరుచేసి, ఇద్దరం నెలకింత జీతం తీసుకుందామంటే ‘మన డబ్బులోంచి మనకి జీతమేంటి’ అని నవ్వేశారు. బిల్లు రాసినంత మాత్రాన డబ్బు చేతికొచ్చినట్టు కాదు కదా! కొన్ని బాకీలు రెండు నెలలకు గానీ రావు.

మీరు జీతం ఎంతని ఎలా తేల్చుకున్నారు? రాబడి తగ్గిన నెలలో ఏం చేస్తారు? ఇంత దాటిన ఖర్చుకి ఇద్దరూ సరే అనాలని ఎవరైనా పెట్టుకున్నారా, అది నిలబడిందా? అన్నం తినేటప్పుడు వ్యాపారం మాటలొద్దని మేం మూడుసార్లు అనుకున్నాం. మూడు రోజులు కూడా సాగలేదు.

‘విడిపోండి’ లాంటి సలహాలు మాత్రం వద్దండీ, మనిషి మంచివారే.