నాన్న డాప్లర్ రిపోర్టులో "ఎడమ రీనల్ ఆర్టరీ (కిడ్నీకి రక్తం తెచ్చే నాళం) కనిపించలేదు" అని ఉంది. మళ్లీ తీయించాలా?

కొబ్బరితోట:

మాది సోంపేట దగ్గర పల్లె. నాన్నకి 67 ఏళ్లు, కొబ్బరి తోట, కాస్త జీడి. షుగర్ పదిహేనేళ్ల నుంచి ఉంది. నేను హైదరాబాద్‌లో ఉంటాను. మూడు రకాల బిళ్లలు మింగుతున్నా ఏడాదిగా ఆయన బీపీ 170 నుంచి దిగట్లేదు. కొత్తగా టెల్మిసార్టాన్ అనే బీపీ బిళ్ల ఇస్తే మూడు వారాల్లో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) 1.4 నుంచి 2.1కి ఎగబాకింది. ప్లేట్‌లెట్లు చూస్తే 95 వేలు. డాక్టరు గారు కిడ్నీలకీ లివర్‌కీ కలిపి డాప్లర్ స్కాన్ (రక్తం పారే తీరు చూసే అల్ట్రాసౌండ్) రాశారు.

తెల్లవారుజామున రైలెక్కి విశాఖ వెళ్లారు. పరగడుపున రమ్మన్నారు. కానీ షుగర్ మనిషి, కళ్లు తిరుగుతాయేమోనని అమ్మ రైల్లోనే రెండు ఇడ్లీలు పెట్టింది, స్టేషన్‌లో దిగాక టీ కూడా. ఈ సంగతి స్కాన్ గదిలో ఎవరికీ చెప్పలేదు. రిపోర్టు చేతికిచ్చాక పక్క బెంచీ మీద ఎవరో కుర్రాడితో చదివించుకున్నారట. "గ్యాస్ వల్ల ఎడమది కనిపించలేదు తాతా" అన్నాడట వాడు. మరుక్షణం నాకు ఫోన్: "ఎడంపక్క కిడ్నీ నాకు నేదేటిరా?" అరగంట సేపు ఉందని చెప్పి ఒప్పించాను. నిజానికి నాకూ టెన్షనే.

రిపోర్టులో ఉన్నవి: కుడి కిడ్నీ 10.2 సెం.మీ., ఎడమది 8.4. కుడి రీనల్ ఆర్టరీలో వేగం సెకనుకు 110 సెం.మీ., అయోర్టాలో (గుండె నుంచి వచ్చే పెద్ద ధమని) 70. కిడ్నీ లోపల ఆర్‌ఐ (చిన్న నాళాల్లో రక్తానికి ఎదురయ్యే అడ్డు లెక్క) కుడివైపు 0.70, ఎడమవైపు 0.52. ఎడమవైపు "యాక్సిలరేషన్ టైమ్ (రక్తం వేగం పైకి ఎగిసేందుకు పట్టే సమయం) 110 మిల్లీ సెకన్లు" అని రాశారు. లివర్ దగ్గర పోర్టల్ వెయిన్ (పేగుల నుంచి లివర్‌కి రక్తం తెచ్చే సిర) 14 మి.మీ., వేగం 13, "హెపటోపెటల్" అట. స్ప్లీన్ (ప్లీహం) 14.2 సెం.మీ. డాక్టరు గారు వచ్చే వారం దాకా ఊళ్లో లేరు. మా ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బు ఎక్కువ కదా, మా వాళ్లంతా "ఇంకేముంది, ఉద్దానం కిడ్నీ జబ్బే" అని తేల్చేశారు.

కవిటి వాసి:

అన్నా, మా ఇంట్లో ఇద్దరు డయాలసిస్‌లో ఉన్నారు కాబట్టి చెప్తున్నాను, ఆలస్యం చేయకండి. పలాస కిడ్నీ ఆస్పత్రి మీకు దగ్గరే కదా, అక్కడ నెఫ్రాలజిస్టుకి చూపించండి. స్కాన్ గురించి నాకు తెలీదు.

చీకటిగది:

బాబూ, నేను రేడియాలజిస్టుగా రిటైరయ్యాను. ముప్పై ఏళ్లు "లింగ నిర్ధారణ పరీక్షలు చేయబడవు" అనే బోర్డు కింద కూర్చుని పొట్టలు చూశాను. కాబట్టి ముందు ఆ ఇడ్లీల సంగతి.

రీనల్ ఆర్టరీ వెన్నుపూస ముందు, పేగుల వెనకాల ఉంటుంది. పేగుల్లో గాలి చేరితే అల్ట్రాసౌండ్ అక్కడే ఆగిపోతుంది. తింటే, టీ తాగితే, బీడీ కాలిస్తే, గబగబా మాట్లాడినా గాలి మింగుతాం. పైగా తిన్నాక పోర్టల్ వెయిన్‌లో రక్తం పెరుగుతుంది, అంటే లివర్ లెక్కలూ మారిపోతాయి. ఆరు నుంచి ఎనిమిది గంటల పరగడుపు అడిగేది ఇందుకే. తిని వచ్చామని ఒక్క మాట చెప్పి ఉంటే మరో రోజు రమ్మనేవాళ్లు. "కనిపించలేదు" అంటే ఆ రక్తనాళం మొదలు కనిపించలేదని. కిడ్నీని కొలిచి 8.4 అని రాశారుగా, అది ఎక్కడికీ పోలేదు. మీ నాన్నగారికి ఈ మాట చదివి వినిపించండి.

కానీ ఆ 8.4 నాకు నచ్చలేదు. రెండు కిడ్నీల మధ్య ఒకటిన్నర సెం.మీ. దాటి తేడా ఉంటే చిన్నదానికి రక్తం సరిగ్గా అందుతోందా అని చూస్తాం. ఉద్దానంలో కనిపించే జబ్బులో మామూలుగా రెండు కిడ్నీలూ సమానంగా కుంచించుకుపోతాయి, బీపీ కూడా చాలాకాలం పెద్దగా పెరగదు. మీ నాన్నగారిది ఒకవైపే చిన్నది, బీపీ మూడు బిళ్లలకీ లొంగట్లేదు, టెల్మిసార్టాన్‌కి క్రియాటినిన్ ఎగిరింది. ఊరిపేరు చూసి జబ్బు పేరు పెట్టేయకండి.

నాళం మొదలు కనిపించకపోయినా మీ రిపోర్టులో ఆధారం ఉంది. వంశధార కాలువ శివారు పొలం రైతును అడగండి. ఎగువన తూము సగం మూస్తే ఆయన మడికి నీళ్లు ఆలస్యంగా వస్తాయి, నీరసంగా వస్తాయి. తూము దగ్గరకి వెళ్లక్కర్లేదు, మడి చూస్తే చాలు. కిడ్నీ లోపలి చిన్న నాళాల్లో రక్తం 70 మిల్లీ సెకన్ల లోపే ఎగిసి పడాలి. ఎడమవైపు 110 పట్టింది. ఆర్‌ఐ కూడా కుడివైపు కంటే బాగా తక్కువ. పైన ఎక్కడో ఇరుకు ఉందని గట్టి అనుమానం. కుడివైపు 110 వేగం మామూలే, సాధారణంగా 180, 200 దాటితేనే ఇరుకు అంటాం. కానీ కుడి ఆర్‌ఐ 0.70 అంచున ఉంది, అది వయసుదీ షుగర్‌దీ కావచ్చు.

మళ్లీ తీయించండి. పొద్దున్న మొదటి నంబరు, ముందు రాత్రి తేలిక తిండి. బీపీ బిళ్లలు గుక్కెడు నీళ్లతో వేసుకోవచ్చు. షుగర్ బిళ్లలూ ఇన్సులినూ మాత్రం పరగడుపున ఎలా అన్నది డాక్టర్ని అడిగి తీరాలి. ఎడమది దొరక్కపోతే కుడిపక్కకి తిప్పి పడుకోబెట్టి నడుము వైపు నుంచి చూస్తారు. ఊపిరి బిగబట్టడం ఇంట్లోనే కాస్త అలవాటు చేయించండి. టెల్మిసార్టాన్ సంగతి వచ్చే వారం దాకా ఆగకండి, ఆ డాక్టరుకి ఈరోజే ఫోన్ చేసి 2.1 చెప్పండి.

ఇంకో ముక్క. ఇరుకు అనగానే స్టెంట్ అంటారు కొందరు. కొవ్వు పేరుకుని వచ్చే ఇరుకుల్లో స్టెంట్ వేసినవాళ్లకి మందులతో ఉన్నవాళ్లకంటే మేలేమీ కనిపించలేదని 2009లో ఆస్ట్రల్, 2014లో కోరల్ అనే రెండు పెద్ద అధ్యయనాలు తేల్చాయి. బీపీ ఎంతకీ లొంగకపోయినా, ఊపిరితిత్తుల్లో హఠాత్తుగా నీరు చేరుతున్నా లెక్క వేరు.

కొబ్బరితోట:

మేడమ్, చాలా థ్యాంక్స్. ఫోన్ చేశాను, టెల్మిసార్టాన్ ఆపి వేరేది ఇచ్చారు. లివర్ గురించి కూడా ఒక మాట చెప్పండి. 13 మి.మీ.కి పైన ఉంటే ప్రమాదం అని నెట్‌లో ఉంది.

చీకటిగది:

ఆ ఒక్క మి.మీ. కోసం నిద్ర మానకండి, గట్టిగా ఊపిరి పీలిస్తే చాలు, పోర్టల్ వెయిన్ లావెక్కుతుంది. హెపటోపెటల్ అంటే రక్తం లివర్ వైపే పోతోందని, మంచిదే. నన్ను ఆపింది వేగం 13కి తగ్గడం, స్ప్లీన్ 14కి పెరగడం, ప్లేట్‌లెట్లు 95 వేలకి పడిపోవడం, ఈ మూడూ కలిసి రావడం. షుగర్ ఉన్నవాళ్లలో ఫ్యాటీ లివర్ ముదిరితే ఇలా పోర్టల్ వెయిన్‌లో ఒత్తిడి పెరుగుతుంది. ఫైబ్రోస్కాన్ (లివర్ ఎంత గట్టిపడిందో కొలిచే స్కాన్), ఎండోస్కోపీ గురించి అడగండి. తోటపని ఒళ్లునొప్పులకి డైక్లోఫెనాక్ బిళ్ల వేసుకునే అలవాటుందా? ఉంటే ఈ రోజుతో బంద్. అటు కిడ్నీకీ ఇటు లివర్‌కీ అదే శత్రువు.

డాలస్ చెల్లి:

మా కజిన్‌కి 24 ఏళ్లకే బీపీ 200. డాప్లర్‌లో రీనల్ ఆర్టరీ ఇరుకు కనిపించింది, చివరికి టకయాసు (పెద్ద రక్తనాళాల గోడలు వాచే జబ్బు) అని తేలింది. చేతుల్లో నాడి కూడా సరిగ్గా దొరికేది కాదు. వయసులో ఉన్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే రెండు చేతులకీ బీపీ చూపించుకోండి.

కొబ్బరితోట:

అప్‌డేట్. నిన్న మళ్లీ స్కాన్ అయింది. నేనే వెళ్లాను. ఎడమ ఆర్టరీ మొదట్లో వేగం 320 వచ్చింది. క్రియాటినిన్ 1.6కి దిగింది. స్టెంటా మందులా అన్నది గురువారం నెఫ్రాలజిస్టు చూసి చెప్తారు, ఎండోస్కోపీ ఆ తర్వాత. డైక్లోఫెనాక్ అడిగితే నాన్న మాట మార్చారు, అమ్మ మాత్రం బీరువాలోంచి మూడు అట్టలు తీసి చూపించింది. టిఫిన్ డబ్బా ఈసారి నా బ్యాగులో పెట్టుకున్నాను. స్కాన్ గది తలుపు తీయగానే నాన్న నా బ్యాగు వైపే వచ్చారు.