శ్రీశైలం డ్యాంలో 92 టీఎంసీలు ఎటు పోయాయి?

వనస్థలిపురం_వాసి:
మా అమ్మది కొల్లాపూర్ వైపు ముంపు ఊరు. 1981లో ఖాళీ చేయించినప్పుడు తనకు 14 ఏళ్లు. పెళ్లయి హైదరాబాద్ వచ్చి ఇన్నేళ్లయినా, టీవీలో ప్రాజెక్టుల లెవెల్స్ చెబుతుంటే చేతిలో పని ఆపేస్తుంది. "శ్రీశైలం ఎంతుంది బిడ్డా?" 885 అడుగులు, అంటే నిండుగా ఉందంటే మళ్లీ పనిలో పడుతుంది. 840 దగ్గరికి దిగిందంటే ఇక పోరు మొదలు: కారు తియ్యి, ఊరు తేలుంటది.

పోయిన ఎండాకాలం తీసుకెళ్లాను. ఇంటి గడప రాయి ఇక్కడే ఉండాలంటూ తిరిగింది. మోకాళ్ల దాకా ఒండ్రు. నా చెప్పు ఒకటి అక్కడే ఉండిపోయింది.

కట్టినప్పుడు 308 టీఎంసీలు పట్టేదట. ఇప్పుడు అదే 885 అడుగులకు 215.8. తేడా అంతా ఈ ఒండ్రేనా? తవ్వి తీయలేరా?

పవర్‌హౌస్_రిటైర్డ్:
ఒండ్రే బాబూ. నేను ఎడమగట్టు భూగర్భ కేంద్రంలో చేశాను, 150 మెగావాట్ల యూనిట్లు ఆరు ఉంటాయక్కడ. తవ్వడం అంటారా? ఒక్క టీఎంసీ అంటే 2.83 కోట్ల ఘనపు మీటర్లు. టిప్పర్‌కు పది వేసినా 28 లక్షల ట్రిప్పులు. అలాంటివి 92. పోసే చోటేది?

నా టెన్షన్ వేరే. 2009 అక్టోబరులో 25 లక్షల క్యూసెక్కులు వచ్చి నీళ్లు 896 అడుగులు దాటాయి. డ్యాం నిలబడింది, నిజమే. కానీ 12 గేట్ల నుంచి దూకే వరద కింద రాతిని తొలిచి పెద్ద గుంత చేసింది. ముందు దాన్ని చూడాలి.

సోమశిల_పిల్ల:
మా నాన్న చేపలు పడతాడు. మాకు పేచీ ఒండ్రుతో కాదు సార్, మీ మిషన్లతోనే. ఆరూ తిప్పారంటే రోజుకు మూడు టీఎంసీలకు పైనే దిగుతుంది. రాత్రి నీళ్లలో కట్టిన వల తెల్లారేసరికి ఒడ్డున ఉంటుంది. పుట్టిని బురదలో ఈడ్చాలి. ముంపులో ఉన్న సంగమేశ్వరం గుడికి బోట్లు తిప్పేవాళ్లకేమో అది తేలితే పండగ. ఒకే ఊళ్లో రెండు మొక్కులు!

పవర్‌హౌస్_రిటైర్డ్:
కోపం న్యాయమే తల్లీ. అయితే ఆ నీళ్లు ఊరికే పోవు, సాగర్‌లో చేరతాయి. సాగర్ ఒడ్డున పుట్టంగండిలో ఎత్తిపోస్తే అక్కంపల్లి, కోదండాపూర్ మీదుగా సాహెబ్‌నగర్ వస్తాయి. ఈ బాబు ఇంటి నల్లాలో కృష్ణా నీళ్లంటే అవే.

వనస్థలిపురం_వాసి:
అమ్మకు అంతా చదివి వినిపించాను. టిప్పర్ల లెక్కకు నవ్వింది. నల్లా సంగతికి ఏమీ అనలేదు. సోమశిల చెల్లెను ఒకటి అడగమంది: గుట్ట కింద బావి ఒర ఇంకా కనబడుతుందా?

సోమశిల_పిల్ల:
నీళ్లు ఇంకా పైనే ఉన్నాయన్నా. దిగినప్పుడు నాన్నతో వెళ్లి ఫొటో పెడతా. గుట్టకు ఏ వైపో అమ్మనడిగి చెప్పు.