సముద్రపు గాలికి తుప్పు పట్టే కుట్టు మిషను, ఇంటిల్లిపాదికీ ఒకటే కత్తెర: సలహా కావాలి

బొంతలమ్మ, పెదవాల్తేరు:

అందరికీ నమస్కారం. మేము విశాఖపట్నం పెదవాల్తేరులో, బీచి రోడ్డుకు నడిచి వెళ్ళగలిగే దూరంలో, మూడో అంతస్తులో ఉంటున్నాము. మా అత్తగారు వాడిన నల్లటి కాలి మిషను మా ఇంట్లో ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు కిటికీ అద్దం పగిలి, గదిలోకి కొట్టిన వానకు దాని చెక్క బల్ల ఒక మూల ఉబ్బిపోయింది కానీ, మిషను తల మాత్రం తుడిచి నూనె వేయగానే మళ్ళీ తిరిగింది. ఇక తనకు చూపు ఆనడం లేదని ఆ తరువాత అత్తగారు దానిని నాకు అప్పగించారు.

మాకు ఇద్దరు పిల్లలు. ఎనిమిదో తరగతి చదువుతున్న మా బాబు ఎంత వేగంగా ఎదుగుతున్నాడంటే, ఏడాదిలో రెండుసార్లు ప్యాంటు అంచు విప్పి దించవలసి వస్తోంది. మా వీధి చివరి టైలరు ఒక్కో అంచుకు 60 రూపాయలు అడుగుతున్నాడు కాబట్టి ఆ పని నేనే చేసుకుంటున్నాను. ఇది పొదుపు కోసం. మధ్యాహ్నం ఇల్లు సద్దుమణిగాక నాకోసం నేను చేసుకునే పని వేరే ఉంది, అది పాత నూలు చీరలతో బొంతలు కుట్టడం. ఐదున్నర మీటర్ల చీరను అడ్డంగా మూడు మడతలు వేస్తే ఒక మనిషి పడుకునే పొడవు సరిగ్గా వస్తుంది. లోపల అలాంటి చీర ఒకటి, పైన రంగు వెలవని చీర ఇంకొకటి పెట్టి, చుట్టూ మిషను మీద కుట్టి, మధ్యలో చేత్తో వరుస కుట్లు వేస్తాను. బంధువుల ఇళ్ళలో పసిపిల్లలు పుట్టినప్పుడల్లా చిన్న బొంత కావాలని కబురు వస్తుంది. వచ్చినప్పుడు నాకు కలిగే గర్వం మాత్రం ఇంట్లో ఎవరికీ చెప్పుకోను.

ఇప్పుడు నా ఇబ్బందులు చెబుతాను. మొదటిది, నెల రోజుల నుంచి గుడ్డ పైభాగాన కుట్టు బాగానే కనిపిస్తున్నా, తిరగేసి చూస్తే కింద దారం ఉండ కట్టేస్తోంది. కింది దారం చుట్టిన బాబిన్ కూర్చునే కేసు మరను బిగించి చూశాను, వదులు చేసి చూశాను, ఇంకా చెడిపోయిందే తప్ప బాగుపడలేదు. రెండోది తుప్పు. ఎన్నిసార్లు కొబ్బరి నూనె రాసినా పది రోజులకే గుడ్డను ముందుకు జరిపే ఇనుప పళ్ళ దగ్గర ఎర్రటి పొడి రాలుతోంది. మొన్న బాబు తెల్ల చొక్కాకు జేబు అతికిస్తే వెనుక వైపు గోధుమ రంగు చుక్కలు పడ్డాయి.

మూడోదానికి మిషనుతో సంబంధం లేదు. గుడ్డ కత్తిరించే నా పెద్ద కత్తెరతో మా వారు పాల ప్యాకెట్లు కోస్తారు, అత్తగారు మందుల అట్టలు కోస్తారు, పాప డ్రాయింగు అట్టలు కోస్తుంది. నిన్న దానికి ఎండు కారం అంటుకుని ఉంది. అదేమిటని అడిగితే, కత్తెర ఉన్నది కోయడానికే కదా అన్నారు. ఎవరూ లేని గదిలో ఫ్యాను తిరిగితే కరెంటు బిల్లు గురించి పావుగంట చెప్పే మనిషికి, మొద్దుబారిన కత్తెర కూడా ఖర్చేనన్న సంగతి ఎలా చెప్పాలో నాకు తెలియడం లేదు. ఇంత అవస్థ ఎందుకు, కొత్త కరెంటు మిషను కొందాం అని ఆయనే అంటారు, ధర చూశాక వచ్చే నెల చూద్దాం అని కూడా ఆయనే అంటారు. ఈ పాత మిషనును బాగు చేసుకోవడం మేలా, లేక వదిలేయడమా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.


గాజువాక టైలరక్క:

అమ్మా, కింద దారం ఉండ కట్టిందంటే తొంభై మంది చేసే పనే మీరూ చేశారు. ఉండ కింద కనబడుతోంది కాబట్టి తప్పు కింది దారానిదే అనుకుని బాబిన్ కేసు మీద పడ్డారు. నిజానికి పై దారం బిగువు లేక వదులుగా దిగిపోతున్నప్పుడే కింద ఉండ కడుతుంది. ముందు సూదిలోంచి పై దారం మొత్తం తీసేయండి. గుడ్డను అదిమి పట్టే ఫుట్‌ను లేపే మీటను పైకి ఎత్తి ఉంచి, అప్పుడు దారం మళ్ళీ ఎక్కించండి. ఫుట్ దించి ఉంటే పై దారానికి బిగువునిచ్చే టెన్షన్ బిళ్ళలు రెండూ మూసుకుని ఉంటాయి, దారం వాటి మధ్యలోకి దిగకుండా అంచు మీదే ఆగిపోతుంది. ఆ తరువాత, పైకీ కిందికీ ఆడే మీట చిల్లులోంచి దారం వెళ్ళిందో లేదో వేలు పెట్టి చూసుకోండి. అది తప్పిపోయినా సరిగ్గా ఇదే జరుగుతుంది.

సూది ఎప్పుడు మార్చారో మీరు రాయలేదు, బహుశా జ్ఞాపకం ఉండి ఉండదు. యూనిఫారం గుడ్డకు 14 నంబరు సూది చాలు, మీ బొంతల అంచులకు మాత్రం 16 కావాలి. సూదికి ఒక పక్క పొడవుగా గాడి ఉంటుంది, దారం ఎప్పుడూ ఆ గాడి ఉన్న వైపు నుంచే కన్నంలోకి రావాలి. సూది తిరగబడితే కుట్లు తప్పుతాయి, దారం తెగుతుంది.

బాబిన్ కేసును మళ్ళీ సరిచేసుకునే ఉపాయం ఇది. బాబిన్ పెట్టిన కేసును దాని దారంతోనే గాలిలో వేలాడదీయండి. కదపకుండా ఉంచితే నిలబడాలి, చేతిని చిన్నగా ఎగరేస్తే కాస్త జారి ఆగాలి. జరజరా జారిపోతే మర వదులు, ఎంత ఎగరేసినా కదలకపోతే బిగువు.

ఇంకొక్క మాట. ఇంట్లో పిల్లలున్నారు కాబట్టి అడుగుతున్నాను, ఎవరైనా చక్రాన్ని వెనక్కి తిప్పి ఆడుతున్నారేమో చూడండి. చక్రం పైభాగం మన వైపుకే తిరగాలి. మా ఇంట్లో అది కొన్నేళ్ళ పాటు బస్సు స్టీరింగు.


పాత ఫిట్టరు, మల్కాపురం:

టైలరక్క గారు చెప్పినది అక్షరాలా నిజం. తుప్పు సంగతి నేను చెబుతాను. నౌకల తయారీ పనిలో ఫిట్టరుగా ముప్పై ఏళ్ళు చేసి విరమించిన మనిషిని, ఈ ఊళ్ళో ఇనుము ఏ రుతువులో ఎలా ప్రవర్తిస్తుందో అంతో ఇంతో చూశాను.

అమ్మా, మీరు నూనె రాయడంలో లోపం లేదు కానీ ఉప్పు మీద నూనె రాస్తున్నారు. సముద్రపు గాలితో వచ్చే సన్నటి తుంపరలు ఆరిపోయి, కంటికి కనిపించని ఉప్పు పొరగా ఇనుము మీద నిలుస్తాయి. గాలిలో తేమ సుమారు 75 శాతం దాటిందంటే ఆ ఉప్పు తనంత తానే నీటిని పీల్చుకుని చెమ్మగిల్లుతుంది. మన ఊళ్ళో తేమ ఆ గీత దాటని రోజులు ఎన్నని ఉంటాయి? పైన నూనె ఉన్నా, దాని కింద ఉప్పు నీరు తన పని తాను చేసుకుపోతుంది. కాబట్టి ముందు ఉప్పును తీసేయాలి. మంచి నీటిలో తడిపి గట్టిగా పిండిన గుడ్డతో ఇనుప భాగాలన్నీ తుడవండి, వెంటనే పొడి గుడ్డతో తుడవండి, కాసేపు ఫ్యాను కింద ఆరనివ్వండి, ఆ తరువాతే నూనె వేయండి. ఇనుముకు నీళ్ళు తగలనివ్వకూడదని అందరూ భయపడతారు కానీ, ఉప్పును కరిగించి తీయడానికి మంచి నీటిని మించినది లేదు.

కొబ్బరి నూనె వద్దు. సుమారు 24 డిగ్రీల కంటే చల్లబడితే అది పేరుకుంటుంది. మనకు ధనుర్మాసంలో తెల్లవారుజామున ఆ మాత్రం చలి ఉంటుంది కదా. పేరుకున్న నూనెలో దుమ్ము, గుడ్డ నూగు చేరి ముద్దవుతుంది. కుట్టు మిషను నూనె అని సన్నటి, రంగు లేని నూనె చిన్న సీసాల్లో అమ్ముతారు, అదే వాడండి. సూది కింది పలకకు ఉన్న రెండు మరలు విప్పితే పళ్ళ మధ్య నూగు పరుపులా పేరుకుని కనిపిస్తుంది. దానిని పాత పళ్ళ బ్రష్షుతో దులపండి. పళ్ళ మీది తుప్పును సన్నటి గరుకు కాగితంతో సుతారంగా తీయండి, గట్టిగా రుద్దితే పదును పోయి గుడ్డ ముందుకు జరగదు. కింద బాబిన్ కేసు కూర్చునే షటిల్ తిరిగే చోట ఒక్క చుక్క చాలు. నూనె వేసిన రోజు యూనిఫారం జోలికి వెళ్ళకుండా, ఏదైనా పాత పీలిక మీద పది నిమిషాలు ఉత్తినే కుట్టండి, ఎక్కువైన నూనె అదే పీల్చుకుంటుంది.

ప్లాస్టిక్ కవరు కప్పుతున్నట్లయితే మానేయండి, లోపల చెమ్మ చిక్కుకుపోతుంది. ఉతికి ఆరేసిన నూలు చీర ముక్క కప్పండి, అవి మీ దగ్గర ఎలాగూ ఉన్నాయి. తోలు బెల్టు జారుతుంటే అర అంగుళం కోసి కొక్కెం మళ్ళీ బిగించుకోవచ్చు, దానికి మాత్రం నూనె తగలనివ్వకండి.

చొక్కా మీద చుక్కలు తుప్పువే. నిమ్మరసం, ఉప్పు కలిపి రాసి ఒక పూట ఎండలో పెట్టి ఉతకండి. బ్లీచింగు పొడి వేశారో, మరక ఇంకా ముదురుతుంది. కత్తెరకు సాన పట్టించుకోండి. సైకిలు మీద సాన చక్రంతో తిరిగేవారు ఇప్పటికీ మా వైపు వస్తూ ఉంటారు. ఏటవాలుగా ఉన్న వైపే సాన పట్టమనండి, రెండు రేకులూ ఒకదానినొకటి ఒరుసుకునే చదును వైపు ముట్టుకోనివ్వకండి.

కొత్త మిషను కొనడం గురించి మా వంటి వారి అభిప్రాయం అడగవద్దు. తిరిగే దానిని పారేయమని మా నోట రాదు.


మధురవాడ నాన్న:

పెద్దలు మిషను గురించి చెప్పారు. నేను ఇంట్లో పాత రేడియోలు విప్పి బాగు చేసుకునే మనిషిని కాబట్టి, కత్తెర గురించి, పొదుపు గురించి రాస్తాను. నా కటింగు ప్లయరుతో మా ఆవిడ పొయ్యి మీది గిన్నె దించుతుంది. మూడేళ్ళు పోట్లాడాక నాకు అర్థమైనదేమిటంటే, వంటింట్లో ఉన్న పట్టకారు పట్టు ఎప్పుడో వదులైపోయింది, దానిని మార్చాలని నాకు ఒక్కసారీ తోచలేదు. కొత్త పట్టకారు తెచ్చిన మరునాటి నుంచి నా ప్లయరు జోలికి ఎవరూ రాలేదు. మీ ఇంట్లో ఫ్రిజ్ పక్కన మేకు కొట్టి, ఒక చవక కత్తెరను మూరెడు తాడుతో దానికి కట్టేయండి. తాడు ముఖ్యం. తాడు లేకపోతే వారం తిరిగేసరికి అదీ కనబడదు, మళ్ళీ మీ కత్తెరే దొరుకుతుంది.

రెండో మాట కొందరికి నచ్చకపోవచ్చు. టైలరుకు ఇచ్చే 60 రూపాయలు మిగులుతున్నాయన్న లెక్క మీద ఆ మిషనును ఇంట్లో నిలబెట్టకండి. అలా నిలబెడితే, రేపు బాబు ఎదుగుదల ఆగిన నాడు, ఇక దీనితో పనేమిటి అన్న ప్రశ్న వస్తుంది. నేను కూడా మెకానిక్కు ఖర్చు మిగిల్చానని చాలా కాలం మా ఆవిడకు లెక్కలు చెప్పాను. విడిభాగాల కోసం తిరిగిన పెట్రోలు ఖర్చు ఆమె పక్కన వేసి చూపించేసరికి నా లెక్క అక్కడితో ముగిసింది. ఇప్పుడు, నాకు ఇష్టం కాబట్టి చేసుకుంటున్నాను అని చెబుతున్నాను, విచిత్రంగా ఆమె దానికి ఏ అభ్యంతరమూ చెప్పడం లేదు.


పాత ఫిట్టరు, మల్కాపురం:

మధురవాడ వారి తాడు ఉపాయం బాగుంది. లెక్క విషయంలో మాత్రం నేను ఒప్పుకోను. చేతి పని వచ్చిన మనిషి ఇంట్లో ఉంటే డబ్బు మిగులుతుంది, మిగిలినది చెప్పుకోవడంలో తప్పు లేదు. మీ రేడియో సంగతి వేరు, దానితో ఎవరూ బడికి వెళ్ళరు.


బొంతలమ్మ, పెదవాల్తేరు:

ఆదివారం మధ్యాహ్నం కూర్చుని మీరు చెప్పినట్లే ఒక్కొక్కటీ చేశాను. అక్కగారూ, ఫుట్ ఎత్తి దారం ఎక్కించగానే ఉండ కట్టడం సగానికి పైగా తగ్గింది, 14 నంబరు సూది మార్చాక పూర్తిగా పోయింది. పాత సూదిని గోటి మీద గీసి చూస్తే మొన చిన్నగా వంగి గీరుకుంటోంది. చక్రం తిప్పింది ఎవరని అడిగితే పాప వాళ్ళ అన్నయ్యను చూపించింది, వాడు పాపను చూపించాడు.

ఫిట్టరు బాబాయి గారూ, పలక విప్పాక పళ్ళ మధ్య నుంచి వచ్చిన నూగు అరచేతి నిండా అయింది. అందులో మా పెద్దాడు పుట్టినప్పుడు కుట్టిన పసుపు పచ్చ బొంత దారం ముక్క కనిపిస్తే, పని ఆపి అత్తగారికి తీసుకువెళ్ళి చూపించాను. తడి గుడ్డతో తుడిచినప్పుడు గుడ్డ తెల్లగా లేదు, బూడిద రంగుగానూ లేదు, ఎర్రగా వచ్చింది. రెండోసారికి తగ్గింది. చొక్కా చుక్కల్లో రెండు పోయాయి, కాలరు దగ్గరిది ఇంకా లీలగా ఉంది, మళ్ళీ నిమ్మరసం రాసి ఎండలో వేశాను.

లెక్క గురించి మా వారితో ఇంకా మాట్లాడలేదు. మేకు మాత్రం ఆయనే కొట్టారు. తాడు మూరెడు సరిపోదు, పాలు కాచే చోటికి అందడం లేదు అని ఆయనే దానిని రెండు మూరలు చేశారు. తాడు కోయడానికి నా పెద్ద కత్తెర వాడారు.