స్టీవ్ జాబ్స్ ఘనతను ఏ లెక్కన తూచాలి?

ప్రశ్న:
2011 అక్టోబర్ 5న స్టీవ్ జాబ్స్ కన్నుమూసినప్పుడు ఆయనను ఎడిసన్‌తో పోల్చినవారు ఎందరో ఉన్నారు. చచ్చినవాడి కళ్లు చారెడు అన్నట్టు, ఆ పొగడ్తలను అప్పట్లో తరచి చూసినవారు తక్కువ. ఆపిల్ తొలి కంప్యూటర్లను రూపొందించినది ఆయనతో కలిసి ఆ సంస్థను స్థాపించిన స్టీవ్ వోజ్నియాక్, మౌస్ జిరాక్స్ సంస్థ వారిది అన్న వాదన ఇప్పుడు గట్టిగా వినిపిస్తోంది. మరి జాబ్స్ ఖాతాలో నిజంగా మిగిలేది ఏమిటి?

జవాబు 1:
మౌస్ జిరాక్స్ వారిది కూడా కాదండీ, దానిని 1960లలో రూపొందించినది డగ్లస్ ఎంగెల్‌బార్ట్. 1979లో పాలో ఆల్టోలోని జిరాక్స్ ప్రయోగశాలలో జాబ్స్ చూసివచ్చిన, తెర మీది బొమ్మలను మౌస్‌తో నొక్కి పనిచేయించే పద్ధతిని ఆ సంస్థే 1981లో స్టార్ అనే యంత్రంలో పెట్టి 16 వేల డాలర్లకు పైగా ధరకు అమ్మజూపింది. 1984లో వచ్చిన మాకింతోష్ ధర 2,495 డాలర్లు. ఏది ఉంచాలో, ఏది తీసేయాలో తేల్చుకోవడంలోనే ఆయన పనితనం ఉంది. 1985లో ఆపిల్ నుంచి బయటికి వచ్చాక ఆయన తయారుచేయించిన నెక్స్ట్ కంప్యూటర్లు పెద్దగా అమ్ముడుపోలేదు గానీ, 1990లో వెబ్ సృష్టికర్త టిమ్ బర్నర్స్-లీ ఐరోపా భౌతికశాస్త్ర పరిశోధన సంస్థ సెర్న్‌లో తొలి వెబ్ బ్రౌజర్‌ను రాసినది వాటిలో ఒకదాని మీదే. ఆపిల్ నెక్స్ట్‌ను కొనుక్కున్నాక ఆ సాఫ్ట్‌వేరే మ్యాక్‌కూ ఐఫోన్‌కూ పునాది అయింది. ఆయన మిగిల్చిపోయినవాటిలో అన్నిటికన్నా గట్టిది, బజారులో ఓడిపోయిన ఆ సరుకేనని నా అభిప్రాయం.

జవాబు 2:
పై జవాబుతో నాకు పేచీ లేదు. గొప్ప వస్తువు తయారు కావాలంటే మనుషులతో ఆ మాత్రం కరకుదనం తప్పదని సరిపెట్టేవారితోనే పేచీ. వీడియో గేముల సంస్థ అటారీ వారి బ్రేకౌట్ ఆట కోసం వోజ్నియాక్ నాలుగు రోజులు నిద్ర మానుకుని సర్క్యూట్ సిద్ధం చేస్తే, 700 డాలర్లు వచ్చాయని చెప్పి అందులో సగం ఇచ్చిన జాబ్స్, చిప్పులు తగ్గించినందుకు దక్కిన వేల డాలర్ల బోనస్ ఊసే ఎత్తలేదని వోజ్నియాకే తరవాత చెప్పారు. 2007లో గూగుల్ తరఫున ఒకరు ఆపిల్ ఇంజనీరును ఉద్యోగానికి పిలిచారని జాబ్స్ ఫిర్యాదు చేయగా, పిలిచిన మనిషిని తీసేస్తున్నామని కబురు వచ్చింది. ఆ ఈమెయిలును తన సిబ్బంది విభాగానికి పంపుతూ జాబ్స్ జతచేసినది ఒక్క నవ్వు గుర్తు. ఒకరి ఉద్యోగులను మరొకరు పిలవకూడదన్న ఇలాంటి లోపాయికారీ ఒప్పందాలు తమ జీతాలను పెరగనివ్వలేదని ఇంజనీర్లు వేసిన దావాలో ఆపిల్, గూగుల్, ఇంటెల్, అడోబీ కలిసి 41.5 కోట్ల డాలర్లు చెల్లించడానికి 2015లో ఒప్పుకున్నాయి. ఈ పనుల వల్ల ఏ వస్తువు మెరుగుపడిందో ఎవరైనా చెప్పగలరా?

ప్రశ్న అడిగినవారు:
మీరన్న ఆ ఒప్పందాల సంగతి నాకు కొత్తది. కానీ ఆ రోజుల్లో సిలికాన్ వ్యాలీ పెద్దలందరూ అంతే కదా, ఒక్క జాబ్స్‌నే తప్పుపట్టడం న్యాయమా?

జవాబు 2 రాసినవారు:
అందరూ అంతే కాదు. అదే 2007లో చేతిలో పట్టే కంప్యూటర్లు, ఫోన్లు చేసే పామ్ సంస్థ అధిపతి ఎడ్ కొలిగన్ ముందు జాబ్స్ ఇలాంటి ఒప్పందపు ప్రతిపాదనే పెట్టగా, అది తప్పు, బహుశా చట్టవిరుద్ధం కూడా అని ఆయన రాతపూర్వకంగానే తిరస్కరించారు.