ఎండ వేసిన రంగు జాతికి రుజువవుతుందా?

బెంగళూరా తోట (పూతలపట్టు):
సభ్యులకు నమస్కారం. మా తోటలో బెంగళూరా మామిడికాయ కోస్తున్నప్పుడు, పాతికేళ్లు విదేశంలో ఉండి వచ్చిన మా చిన్నాన్న కూలీలను చూసి ఒక మాట అన్నారు. మండే దేశానికి నల్లని చర్మాన్ని, మంచు దేశానికి తెల్లని చర్మాన్ని ప్రకృతే ఇచ్చినప్పుడు, జాతులు లేవని చదువుకున్నవాళ్లు ఎలా అంటారని ఆయన ప్రశ్న. నేను వెంటనే బదులు చెప్పలేకపోయాను. రంగు నిజంగా ఎండను బట్టి వచ్చిందే అయితే జాతి కూడా ప్రకృతిలో ఉన్నదేనని ఒప్పుకోవాలి కదా అని నాకూ కొంత అనిపిస్తోంది. ఎవరినీ కించపరచడానికి కాదు, ఈ తర్కం ఎక్కడ తెగుతుందో తెలుసుకోవడానికే అడుగుతున్నాను.

అలిపిరి అయ్యవారు:
మీ చిన్నాన్నగారి మాటలో మొదటి సగం నిజమే, చిన్న సవరణ మాత్రం కావాలి. రంగును నిర్ణయించినది వేడి కాదు, అతినీలలోహిత కిరణాలు. నల్లని చర్మం వేడిని ఇంకా ఎక్కువే పీల్చుకుంటుంది. వేడి నుంచి మనల్ని కాపాడేది చెమట.

తిరుపతి దాదాపు 13.6 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది కనుక ఏప్రిల్ చివరి వారంలో ఒకసారి, ఆగస్టు నడుమ మరోసారి సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ రోజు బడి ఆవరణలో పిల్లల చేత నిటారుగా ఒక కర్ర పాతిస్తాను. పన్నెండు దాటిన పది పదిహేను నిమిషాలకు దాని నీడ మొదట్లోకి ముడుచుకుపోయి కనబడకుండా పోతుంది. కిరణాలు అలా నిలువుగా దిగినప్పుడు గాలి పొరలో వాటి దారి తగ్గుతుంది, అతినీలలోహిత భాగం వడకట్టుకుపోవడమూ తగ్గుతుంది.

ఈ కిరణాలతో ఒంటికి లాభమూ ఉంది, నష్టమూ ఉంది. రక్తంలోని ఫోలేట్ అనే విటమిన్‌ను ఇవి పాడుచేస్తాయి. ఆరోగ్య ఉపకేంద్రంలో గర్భిణులకు ఐరన్‌తో కలిపి దాని మాత్ర రూపమైన ఫోలిక్ యాసిడ్ ఎందుకు ఇస్తారో తెలిసినవారికి ఈ నష్టం ఎంతటిదో అర్థమవుతుంది: ఫోలేట్ చాలకపోతే కడుపులో బిడ్డకు వెన్ను సరిగా మూసుకోకపోవచ్చు. అయితే అవే కిరణాలు కొంతైనా తగలకపోతే చర్మంలో విటమిన్ డి తయారు కాదు. ఈ రెండు అవసరాల మధ్య బేరమే చర్మపు రంగు అని 2000లో నీనా జబ్లాన్‌స్కీ, జార్జ్ చాప్లిన్ అనే పరిశోధకులు వాదించారు. ఇలాంటి పరిశోధనల్లో రంగును భుజం కింద, చేతి లోపలివైపు కొలుస్తారు. ఎండకు కమలని చోటు అదే.

రెండో సగమే నిలవదు. ఎండను బట్టి రంగు వచ్చిందంటే, ఒకే రంగువారి పూర్వీకులు ఒకే తీరు ఎండలో బతికారని తేలుతుందే తప్ప, వారంతా ఒకే వంశమని తేలదు. పసిఫిక్ సముద్రంలోని మెలనీషియా దీవులవారు చూపుకు ఆఫ్రికావారిని పోలి ఉంటారు, జన్యువుల్లో మాత్రం ఆసియావారికే దగ్గర. చైనావారి తెలుపూ ఐరోపావారి తెలుపూ చాలావరకు వేర్వేరు జన్యు మార్పుల వల్ల వచ్చినవి.

మొండివాది (చిత్తూరు):
అయ్యవారూ, లెక్క కుదిరినచోట ఎండ అంటారు, కుదరనిచోట ఏమంటారు? అమెజాన్ అడవివాసులు భూమధ్యరేఖ దగ్గరే ఉన్నా ఆఫ్రికావారంత నల్లగా లేరు. ఉత్తర ధ్రువం దగ్గరి ఇన్యూట్‌లు స్వీడన్‌వారంత తెల్లగా లేరు. ఇంకొక మాట. ఇప్పుడు ఉమ్మి పరీక్ష చేసి పూర్వీకులు ఏ ఖండంవారో చెబుతున్నారు. అది జాతి కాకపోతే మరేమిటి?

అలిపిరి అయ్యవారు:
మంచి ప్రశ్నలు. అమెరికా ఖండాలకు మనుషులు చేరి ఆఫ్రికాతో పోలిస్తే ఎంతో కాలం కాలేదు, వారు అక్కడికి చల్లని ఉత్తరం మీదుగా వెళ్లారు. ఇన్యూట్‌లకు విటమిన్ డి చేపల నుంచి, సముద్ర జంతువుల కొవ్వు నుంచి దొరికేది కనుక తెల్లబడవలసిన ఒత్తిడి తగ్గింది. వీటిని సాకులు అనుకోవద్దు. ఎండతో పాటు కాలం, తిండి, వలస కూడా పనిచేస్తాయి, అందుకే రంగును చూసి వంశం చెప్పడం మరింత కష్టం.

ఉమ్మి పరీక్ష చెప్పేది పూర్వీకుల చోటు. కుప్పం వైపు తిరిగినవారికి తెలుసు, అక్కడ తెలుగు, తమిళం, కన్నడం ఒకదానిలోకి ఒకటి జారుకుంటాయి. మాట విని మనిషిది ఏ వైపో మనం చెప్పగలం, అయినా ఏ పొలం గట్టు మీద ఒక భాష ఆగిందో చూపలేం. జన్యువులూ అంతే. 1972లో జన్యు శాస్త్రజ్ఞుడు రిచర్డ్ లెవాంటిన్ రక్తపు గ్రూపులను, ప్రొటీన్లను లెక్కగట్టి, మనుషుల మధ్య తేడాల్లో దాదాపు 85 శాతం ఏ ఒక్క జనసమూహంలోనైనా లోపలే ఉన్నాయని, ఒకే జాతిలోని సమూహాల మధ్య తేడాలు కూడా తీసేస్తే జాతుల మధ్య మిగిలేది 6 శాతం చిల్లర అని చూపారు. చర్మపు రంగు దీనికి పూర్తిగా తలకిందులు. 2002లో మానవశాస్త్రజ్ఞుడు జాన్ రెలెత్‌ఫోర్డ్ లెక్క ప్రకారం అందులో 88 శాతం తేడా ప్రాంతాల మధ్యనే ఉంది. అంటే మిగతా జన్యువుల తీరుకు బొత్తిగా సరిపోని లక్షణాన్ని ఏరి, మనిషికి అదే గుర్తు అంటున్నాం.

రుయా దారి డాక్టరమ్మ:
ఒక్క మాట చేరుస్తాను. రోగి చర్మపు రంగు నాకు అవసరమే. వేలికి తగిలించే పల్స్ ఆక్సీమీటర్ ముదురు రంగువారిలో ఆక్సిజన్‌ను ఉన్నదానికంటే ఎక్కువగా చూపే అవకాశం ఉందని అమెరికా ఆసుపత్రుల లెక్కలతో 2020లో బయటపడింది. కానీ అక్కడ కాంతిని అడ్డగించేది చర్మానికి రంగునిచ్చే మెలనిన్, జాతి కాదు. ఆ రోగి తమిళుడైనా, ఇథియోపియావాడైనా పరికరానికి ఒకటే.

మొండివాది (చిత్తూరు):
రంగు జాతికి ముద్ర కాదన్నంతవరకు ఒప్పుకుంటాను. కానీ జాతి అన్న మాటే ఉత్తదంటే ఒప్పుకోను, దాని పేరిట మనుషులకు జరిగినది ఉత్తది కాదు కదా.

పాత కాగితాలు (తిరుపతి):
అది నిజం, జరిగిన తీరు కూడా గుర్తుంచుకోవాలి. మన చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది. అంతకు రెండేళ్ల ముందే, మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గర్ థర్‌స్టన్ దక్షిణ భారత కులాల మీద ఏడు సంపుటాలు వెలువరించారు. అందుకోసం మన ప్రెసిడెన్సీలోని మనుషుల ముక్కుల పొడవు వెడల్పులను కొలిచారు. అప్పటి శాస్త్రం మనల్ని ఎటు వేయాలో తెలియక తికమకపడింది. 1923లో భగత్ సింగ్ థింద్ అనే పంజాబీ అమెరికా పౌరసత్వం కోసం, తెల్లజాతికి పండితులు పెట్టిన పేరు ప్రకారం తాను కాకేసియన్‌ననే చెప్పుకున్నారు. సామాన్యుడి దృష్టిలో ఆయన తెల్లవాడు కాడని అక్కడి సుప్రీంకోర్టు కొట్టివేసింది. కొలబద్ద తమవైపు తిరిగితే శాస్త్రం, లేకపోతే లోకజ్ఞానం!

బెంగళూరా తోట (పూతలపట్టు):
ఇవన్నీ చిన్నాన్నకు చదివి వినిపించాను. అయ్యవారు చెప్పినట్టు కోత మేస్త్రీ చొక్కా చేయి పైకి మడిచి చూపాడు. ముంజేయి కాలిన పెంకులా ఉంది, లోపలివైపు చర్మం మా చిన్నాన్న మెడ రంగే. ఆయన కాసేపు చూసి, "అయితే మా అన్నదమ్ములు ముగ్గురం ఇదే తోటలో పెరిగాం కదా, మూడు రంగులెందుకు?" అన్నారు.

అలిపిరి అయ్యవారు:
రంగును నడిపే జన్యువులు చాలా ఉన్నాయి, అమ్మానాన్నల నుంచి ఏవి వస్తాయన్నది ప్రతి బిడ్డకూ విడిగా పడే చీటీ. వాటిలో ఎస్‌ఎల్‌సీ24ఏ5 అనే జన్యువు ఒకటి. రంగు తగ్గించే దాని రూపం ఐరోపాలోనూ మన దేశంలోనూ ఒకే మూలం నుంచి వచ్చిందని 2013లో హైదరాబాదులోని సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు పాల్గొన్న అధ్యయనం తేల్చింది. చిన్నాన్నగారి ఇంట్లో ఆ రూపం ఒకరికి రెండు వైపుల నుంచీ, ఒకరికి ఒక్క వైపు నుంచే వచ్చి ఉండవచ్చు, మూడోవారికి అసలు రాకపోయి ఉండవచ్చు.