నీళ్ళు కాగే 'బాయిల్', మెడ మీద లేచే 'బాయిల్' ఒకటేనా?

బడిపంతులమ్మ: నిన్న ఎనిమిదో తరగతికి 'బాయిల్' అంటే నీళ్ళు మరగడం అని చెప్పాను. వెనక బెంచీ పిల్లాడు మెడ చూపించి, "డాక్టరు దీన్ని కూడా బాయిల్ అన్నాడు టీచర్" అన్నాడు. చూస్తే ఎర్రగా లేచిన సెగగడ్డ, మధ్యలో తెల్లటి మొన. ఒంట్లో వేడి పొంగి పైకి వస్తుంది కాబట్టి ఆ పేరు అని చెప్పేశాను. మన మాటలోనూ 'సెగ' ఉంది కదా! స్టాఫ్ రూంలో ఒకాయన అది తప్పన్నారు. అప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది. మీరేమంటారు?

మాటలమూట: ఆయన చెప్పిందే నిజమండీ. రెండు మాటల పుట్టిల్లు వేరు. మరగడం అనే బాయిల్ లాటిన్ 'బుల్లా' నుంచి వచ్చింది. బుల్లా అంటే నీటి బుడగ. అది ఫ్రెంచి మీదుగా ఇంగ్లిష్‌లోకి చేరింది. గడ్డ అనే బాయిల్ పాత ఇంగ్లిష్‌లోనే ఉన్న సొంత మాట, దాని అసలు అర్థం వాపు. జర్మన్‌లో దాని చుట్టం ఇప్పటికీ ఉంది. తలకు దెబ్బ తగిలి బొప్పి కడితే వాళ్ళు దాన్ని 'బాయ్‌లె' అంటారు. బొప్పిలో మరిగేది ఏముంది చెప్పండి?

బడిపంతులమ్మ: మరి స్పెల్లింగు అక్షరం తేడా లేకుండా ఎలా కలిసింది? ఊరికే కలిసిందంటే నాకు నమ్మబుద్ధి కావడం లేదు.

మాటలమూట: మంచి ప్రశ్న, అసలు గొడవంతా అక్కడే. మామూలుగా మారితే గడ్డ పేరు ఇవాళ 'బైల్' అని ఉండాలి. స్కాట్లాండులోనూ, కొన్ని మాండలికాల్లోనూ అలాగే అనేవారు. అది బాయిల్ ఎందుకైందంటే, మరగడంతో జనం ముడిపెట్టారని కొందరి మాట. ఒకప్పుడు మరగడాన్ని కూడా చాలామంది 'బైల్' అనే పలికేవారు, దాన్ని దిద్దినప్పుడు గడ్డ పేరు కూడా దాంతోపాటే మారిపోయిందని ఇంకొందరి మాట. నాకు రెండోదే బలంగా కనిపిస్తుంది. మొదటిదే నిజమైతే, మీకు తట్టిన ఊహే కొన్ని వందల ఏళ్ళ కిందట వాళ్ళకూ తట్టిందన్నమాట.

నైట్‌డ్యూటీ నర్సు: మాట సంగతి మీరు తేల్చుకోండి. 'వేడి చేసింది' అన్న దగ్గర మాత్రం నేను ఒప్పుకోను. మామిడిపండ్లు తిన్నాడని పిల్లల్ని తిట్టే తల్లుల్ని వేసవిలో రోజూ చూస్తాను. వెంట్రుక కుదుట్లో స్టెఫిలోకాకస్ అనే బాక్టీరియా చేరితే చీము పడుతుంది, అదే సెగగడ్డ. ఆ బాక్టీరియాకు పేరు పెట్టింది 1880ల్లో అలెగ్జాండర్ ఆగ్‌స్టన్ అనే స్కాటిష్ సర్జన్. గుత్తులుగా కనబడింది కాబట్టి గ్రీకులో 'ద్రాక్షగుత్తి' అన్న మాటతో పెట్టారు.

బడిపంతులమ్మ: అయితే సెగ అన్నది పూర్తిగా అబద్ధమేనా అమ్మా?

నైట్‌డ్యూటీ నర్సు: లేదు టీచర్. ముట్టుకుంటే గడ్డ కాలుతూనే ఉంటుంది. అలాంటివి నాలుగైదు కలిసి లేస్తే దాన్ని కార్బంకుల్ అంటాం, లాటిన్‌లో 'చిన్న నిప్పుకణిక' అని అర్థం. కాబట్టి ఆ మంట మనకొక్కరికే తోచింది కాదు. అది గడ్డలో ఉన్న సెగ, తిన్న పండులోది కాదు. ఆ బాబును గడ్డ పిండుకోవద్దనండి. గోరువెచ్చటి నీళ్ళలో ముంచిన గుడ్డతో రోజుకు మూడు నాలుగు సార్లు కాపడం పెట్టమనండి. జ్వరం వస్తే మళ్ళీ డాక్టరుకు చూపించాలి. నిజంగా వేడి వల్లే వచ్చి ఉంటే, వేడి కాపడంతో తగ్గుతుందా?