మోడెమ్ మోత వినబడట్లేదు: తీగ తప్పా, సెట్టింగ్ తప్పా?

పాతపెట్టె: విండోస్ 98 సెకండ్ ఎడిషన్. పీసీఐ స్లాట్‌లో 56కె ఇంటర్నల్ మోడెమ్ (ఫోన్ లైన్ మీద డేటా పంపే కార్డు), సౌండ్ కార్డ్ వేరే. పాత పీబీఎక్స్ (భవనం లోపలి చిన్న ఫోన్ ఎక్స్‌చేంజ్) ఎక్స్‌టెన్షన్ నుంచి పక్క గదిలో ఉన్న ఇంకో మోడెమ్‌కి డయల్ చేస్తే కనెక్ట్ అవుతోంది. పాటలూ వస్తున్నాయి. డయల్ చేసేటప్పుడు రావాల్సిన కీచు మోత మాత్రం అస్సలు లేదు. ఎక్కడ చూడాలి?

కామ్‌త్రీ: కంట్రోల్ ప్యానెల్, మోడెమ్స్, ప్రాపర్టీస్, జనరల్ ట్యాబ్. స్పీకర్ వాల్యూమ్ మీట ఎడమ చివర ఆఫ్ దగ్గర ఉండి ఉంటుంది. కుడికి జరపండి, అయిపోతుంది.

రాగితీగ: అంత తేలిక కాదండీ. ముందు మూత తీసి మోడెమ్ కార్డు చూడండి. దాని మీద నల్లగా గుండ్రటి బజర్ ఉంటే మోత అందులోంచే వస్తుంది, సౌండ్ కార్డుకి సంబంధమే లేదు. బజర్ లేకపోతే టీఏడీ అని రాసిన 4 పిన్నుల కనెక్టర్ వెతకండి, మోత సౌండ్ కార్డుకి వెళ్లేది దాన్నుంచే. సౌండ్ కార్డు మీద కూడా అదే పేరుతో ఒకటి ఉంటుంది. ఆ రెండిటి మధ్య తీగ లేనప్పుడు మీట ఎంత జరిపినా దండగే. పక్కనున్న సీడీ ఇన్ కూడా అచ్చం అలాగే ఉంటుంది. తీగ అందులో గుచ్చితే మోత సాధారణంగా ఒక పక్క స్పీకర్‌లోనే వస్తుంది.

కామ్‌త్రీ: మూత విప్పే ముందు చేయాల్సింది ఉంది. హైపర్‌టెర్మినల్‌లో (మోడెమ్‌కి నేరుగా ఆదేశాలు పంపే ప్రోగ్రామ్) మోడెమ్ ఉన్న పోర్టు ఎంచుకుని ఏటీఎం2ఎల్3 కొట్టండి, ఓకే అంటుంది. ఏటీ అంటే ఆదేశం మొదలు, ఎం2 అంటే స్పీకర్ ఎప్పుడూ ఆన్, ఎల్3 అంటే మోత గట్టిగా. తర్వాత ఏటీహెచ్1 కొడితే లైన్ ఎత్తుతుంది, డయల్ టోన్ వినబడాలి. ఏటీహెచ్0తో పెట్టేయండి. వినబడకపోతే అప్పుడు విప్పుకోండి మూత.

రాగితీగ: ఎం2 పెడితే కనెక్ట్ అయ్యాక కూడా మోత ఆగదు. ఎం1 అయితే క్యారియర్ (అవతలి మోడెమ్ సంకేతం) దొరకగానే ఆగుతుంది. కొత్తవాళ్లకి ఎం2 చెప్పడమేంటి?

కామ్‌త్రీ: పరీక్షకి అన్నాను. రోజూ వాడమని ఎవరన్నారు?

రాగితీగ: తర్వాత ఏటీ&డబ్ల్యూ కొట్టి దాచుకోమంటారు, ప్రతి చర్చలోనూ ఇదే. విండోస్ డయల్ చేసే ముందు చాలా మోడెములకి &ఎఫ్ పంపి ఫ్యాక్టరీ సెట్టింగులకి తెస్తుంది. దాచుకున్నది గాలికి పోయినట్టే. కనెక్షన్ ట్యాబ్, అడ్వాన్స్‌డ్, ఎక్స్‌ట్రా సెట్టింగ్స్‌లో ఎం1ఎల్3 రాయాలి.

కామ్‌త్రీ: నేను అనని మాటకి జవాబు చెప్తున్నారు. &డబ్ల్యూ అన్నది డాస్ వాడేవాళ్లకి.

చిన్నకొబ్బరి: వాల్యూమ్ కంట్రోల్‌లో ఫోన్ లేదా టీఏడీ గడి మ్యూట్‌లో ఉందేమో. ఆప్షన్స్, ప్రాపర్టీస్‌లో టిక్ పెడితే గానీ ఆ గడి కనబడదు.

పాతపెట్టె: మీట మధ్యలోనే ఉంది. ఏటీఎం2ఎల్3కి ఓకే వచ్చింది, ఏటీహెచ్1కి టోన్ రాలేదు. బజర్ లేదు. టీఏడీ రెండు వైపులా ఉంది, తీగ లేదు.

రాగితీగ: చెప్పానా? ఇలాంటి మోడెముల్లో ఓకే అనేది డ్రైవరే. మోత బయటికి వచ్చిందనడానికి అది రుజువు కాదు.

కామ్‌త్రీ: మంచిదే, తీగే. మూత విప్పకుండా ఆ సంగతి తేల్చింది నేను చెప్పిన పరీక్షే. అయినా కనెక్ట్ అవుతోంది కదా, ఆ గోల ఎందుకసలు? టోన్ లేకపోతే ఎర్రర్ 680, బిజీ అయితే 676, అవతల మోడెమ్ పలకకపోతే 678. విండోసే చెప్తుంది. మీట ఆఫ్‌లో పెట్టి హాయిగా ఉండండి.

రాగితీగ: ఇదీ మీ అసలు ఉద్దేశం! మోతే అక్కర్లేదనేవాళ్లు మోత బాగుచేసే చర్చకి ఎందుకు రావడం? మన ఎక్స్‌చేంజ్ డయల్ టోన్ 400 హెర్ట్జ్, దాని మీద 25 హెర్ట్జ్ ఊగుతుంది. అమెరికాది 350, 440 కలిపినది. అమెరికా సెట్టింగ్‌లో ఉన్న మోడెమ్ మన టోన్‌ని గుర్తుపట్టక, లైన్ బతికుండగానే 680 అనొచ్చు. స్పీకర్ ఉంటే టోన్ చెవికి తెలుస్తుంది, ఎక్స్3 (టోన్ కోసం ఆగకుండా డయల్ చేయమనే ఆదేశం) పెట్టి సాగిపోతాం. తప్పు నంబరు పడి ఎవరో హలో అన్నా 678 తప్ప ఇంకేం చెప్పదు మీ విండోస్.

కామ్‌త్రీ: పక్కన ఒక ఫోన్ పెట్టుకుని వినొచ్చు. ఎక్స్3కి చెవులు అక్కర్లేదు, డయల్ టోన్ కోసం ఆగమనే టిక్ తీసేస్తే అదే.

రాగితీగ: హ్యాండ్‌షేక్ (రెండు మోడెములు ఒప్పందానికొచ్చే దశ) మధ్యలో అదే లైన్ మీద రిసీవర్ ఎత్తితే కనెక్షన్ ఊడుతుంది. అది కూడా మీ సలహాయేనా?

కామ్‌త్రీ: టోన్ ఉందో లేదో డయల్ చేయకముందు వినమన్నాను. చదివి రాయండి.

చిన్నకొబ్బరి: ఇద్దరూ ఆగండి, ఆయన తీగ సంగతి చూడనివ్వండి.

పాతపెట్టె: సీడీ డ్రైవ్ ఆడియో తీగ తీసి టీఏడీకి పెట్టాను, సరిగ్గా కూర్చుంది. ఫోన్ గడి మ్యూట్ తీస్తే మోత వచ్చింది. ఇప్పుడు ఆడియో సీడీ పాటలు పోయాయి. అలాంటి 4 పిన్నుల తీగ ఎవరి దగ్గరైనా ఉందా?

రాగితీగ: ఉంది, పంపుతాను. ఎక్స్‌ట్రా సెట్టింగ్స్‌లో ఎం1 మర్చిపోకండి.

కామ్‌త్రీ: మీట ఆఫ్‌లో లేకపోతే విండోసే ఎం1 పంపుతుంది. విడిగా రాయక్కర్లేదు.